అండమాన్‌లో ఒకరోజు పడవ షికారు: ఈత రానివాళ్ళు కూడా స్నార్కెలింగ్ తృప్తిగా చేసి రావాలంటే

అండమాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోన్లలో ఒక స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ అడుగున ఉన్నవి చూడటం) ఫొటో తప్పకుండా ఉంటుంది. ఆరెంజ్ లైఫ్ జాకెట్, చంకల కింద రబ్బరు ట్యూబు, ముఖానికి మాస్కు, పక్కన గైడు, బొటనవేలు పైకి. "ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్" అంటారు. కాస్త గుచ్చి అడిగితే మాత్రం "ఏం చూశామో తెలీలేదు, ఉప్పునీళ్ళు తాగేశాం, పది నిమిషాల్లో బయటికొచ్చేశాం" అని ఒప్పుకుంటారు.

నేనూ మొదటిసారి అలాగే వచ్చేశాను. రెండోసారి అదే చోట దాదాపు గంటసేపు నీళ్ళలో ఉన్నాను. ఈత నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. ఆ రెండు ప్రయాణాల మధ్య చేసినవి మూడే పనులు: మీసం కత్తిరించుకున్నాను, బకెట్లో తల ముంచి ఊపిరి తీయడం సాధన చేశాను, పోటు వేళ చూసుకుని పడవెక్కాను. ఆ మూడూ ఎందుకో, ఎలాగో, ఆ రోజంతా ఎలా నడుస్తుందో వరసగా చెబుతాను.

ఏ పడవ ఎక్కాలి

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. ఆటోవాళ్ళు, జెట్టీలో వాళ్ళు ఇంకా పాత పేరే అంటారు కాబట్టి నేనూ అదే రాస్తాను. ఇక్కడ ఒకరోజు దీవుల షికారు ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది రాస్ దీవి, నార్త్ బే కలిపి. అబర్డీన్ బజారు దిగువన ఉన్న రాజీవ్ గాంధీ వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ జెట్టీ నుంచి పడవలు బయల్దేరతాయి. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికో, కాస్త దాటాకో తిరిగొచ్చేస్తారు. స్నార్కెలింగ్ నార్త్ బేలో. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలకు ఇదే సులువు. కొన్ని పడవలు దీనికి వైపర్ దీవిని కూడా కలుపుతాయి. 1872లో వైస్రాయ్ మేయోని చంపిన షేర్ అలీని ఉరితీసింది ఆ దీవిలోనే.

రెండోది జాలీ బాయ్. ఊరికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వండూరు జెట్టీ నుంచి పడవ. ఇది మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో భాగం, అటవీశాఖ పర్మిట్ కావాలి. పగడాలు చూడటమే మీ ఉద్దేశమైతే నిస్సందేహంగా ఇదే మేలు. నార్త్ బే పగడాలు 2004 సునామీని, 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారిపోవడాన్ని, రోజూ వందల కాళ్ళ తొక్కిడిని చూసినవి. అక్కడ చేపలు బాగానే కనిపిస్తాయి. రంగురంగుల పగడాల తోట కోసం వెళ్తే మాత్రం నిరాశ తప్పదు.

నా సలహా అడిగితే, రెండు రోజులు ఉన్నవాళ్ళు మొదటిరోజు నార్త్ బేలో నేర్చుకుని, మర్నాడు జాలీ బాయ్‌లో చూడాలి. ఒక్కరోజే ఉంటే, ఇంటి దగ్గరే సాధన చేసి వచ్చి నేరుగా జాలీ బాయ్‌కి పోండి.

తేదీ: అష్టమి నాడు బయల్దేరండి

నెలల సంగతి తేలిక. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే చివర్నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనాల భయం. విశాఖ, శ్రీకాకుళం వాళ్ళకు ఈ లెక్క ఒకరు చెప్పక్కర్లేదు, మనకొచ్చే తుఫాన్లలో చాలావాటి పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే.

చాలామంది చూసుకోనిది తిథి. మన మత్స్యకారులు పోటు, పాటు అంటారు: నీరు ఎక్కడం, తియ్యడం. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ దాని తర్వాతి పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజురోజుకీ ఈ వేళలు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా పైకి, పాటు బాగా కిందికి. అంటే నీరు ఎక్కువగా కదులుతుంది, లాగుడు ఎక్కువ, ఇసుక లేచి నీళ్ళు మసకబారతాయి. అష్టమి, నవమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ, నీళ్ళు ప్రశాంతం. ఇంట్లో పెద్దవాళ్ళు "అష్టమి, నవమి ప్రయాణమా?" అని ఆపితే ఈ ముక్క చెప్పి చూడండి. మా అమ్మ ఒప్పుకోలేదు, దశమికి వెళ్ళాను. దశమి కూడా బాగానే ఉంది.

తేదీ మీ చేతుల్లో లేకపోతే కనీసం వేళ చూసుకోండి. ఫోన్లో పోర్ట్ బ్లెయిర్ టైడ్ టైమ్స్ అని వెతికితే పట్టిక దొరుకుతుంది. పోటు పూర్తయ్యే సమయానికి గంట ముందు, గంట తర్వాత నీళ్ళలో ఉండేలా చూసుకోండి. బాగా పాటు మీద దిగితే పగడాల మీద మోకాలి లోతు నీళ్ళే ఉంటాయి. తేలడానికి చోటుండదు, మోకాళ్ళు గీసుకుపోతాయి, మీ కాలి కింద పగడమూ విరుగుతుంది.

ఇంకో సంగతి, అక్కడ గడియారం మనదే కానీ సూర్యుడు మనవాడు కాదు. విశాఖకన్నా పోర్ట్ బ్లెయిర్‌లో పొద్దు 40 నిమిషాల దాకా ముందు నడుస్తుంది. శీతాకాలంలో సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి చీకటే. "తీరిగ్గా పదకొండింటికి వెళ్దాంలే" అనుకుంటే రోజు సగం పోయినట్టే.

టికెట్ కొనేటప్పుడు

జెట్టీ కౌంటర్లో కొన్నా, హోటల్లోనో ట్రావెల్స్‌లోనో కొన్నా డబ్బు ఇచ్చేముందు ఈ ప్రశ్నలు అడగండి.

ముందు నార్త్ బేకా, ముందు రాస్‌కా? పోటు వేళను బట్టి మీకు కావాల్సిన వరస ఉన్న పడవ ఎంచుకోండి. వరస ఎలాగైనా పర్లేదనుకుంటే నార్త్ బే ముందున్నదే మంచిది. ఉదయం గాలి తక్కువ, నీళ్ళు తేట. పైగా తడి బట్టలతో రాస్‌లో నడుస్తుంటే ఒంటిమీదే ఆరిపోతాయి.

ఒక్కో దీవిలో ఎంతసేపు? నార్త్ బేలో రెండు గంటలకు తక్కువైతే అది స్నార్కెలింగ్ ట్రిప్పు కాదు, ఫొటో ట్రిప్పు.

స్నార్కెలింగ్ టికెట్లోనే ఉందా, అక్కడ విడిగా కట్టాలా? పడవ టికెట్లో చాలావరకు అది ఉండదు. నార్త్ బేలో దిగగానే సీ వాక్, గాజు అడుగు పడవ, జెట్ స్కీ, స్కూబా (గాలి సిలిండరుతో లోతుకి దిగడం) అంటూ నలుగురు చుట్టుముడతారు. ప్యాకేజీ అని అన్నీ కలిపి అంటగట్టేస్తారు. మీకు కావాల్సింది ఒక్కటే అని ముందే నిర్ణయించుకోకపోతే రెండు గంటలూ క్యూల్లోనే అయిపోతాయి.

గైడు ఒక్కొక్కరికి ఒకరా, నలుగురికి ఒకరా? ఎన్ని నిమిషాలు? ఈత రానివాళ్ళకు విడిగా ఒక గైడు ఉంటే ఆ తేడా డబ్బుకు తగ్గదే. నేను మొదటిసారి ఇది అడగలేదు. నలుగురిని ఒకే ట్యూబుకి పట్టుకోమన్నారు. నేను ఎడమకి చూడాలంటే మిగతా ముగ్గురూ కుడికి లాగేవాళ్ళు.

సెలవు రోజు కూడా చూసుకోండి. జాలీ బాయ్‌కి సోమవారం సెలవు. అక్కడికైతే పర్మిట్‌కి అందరి గుర్తింపు కార్డులూ కావాలి, ఒకరోజు ముందే తీసుకోవడం మంచిది. అందరూ ఫొటో గుర్తింపు కార్డు అసలు, ఒక జెరాక్సు దగ్గర పెట్టుకోండి.

భాషకి భయపడకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. హిందీలో తడబడుతూ బేరమాడుతుంటే "తెలుగులోనే సెప్పండి బాబూ" అని అవతలివాళ్ళు నవ్వడం నాకు రెండుసార్లు జరిగింది.

ఇంటి దగ్గర సాధన: ఒక బకెట్, ఒక మాస్కు

ఇది మానేసేవాళ్ళే ఎక్కువ, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

మాస్కు, గొట్టం సొంతంగా కొనుక్కోగలిగితే కొనండి. డెకాథ్లాన్ లాంటి క్రీడా సామాను షాపుల్లో దొరుకుతాయి. అద్దె గొట్టాన్ని మీకు ముందు ఎంతమంది నోట్లో పెట్టుకున్నారో ఆలోచిస్తే ఖర్చు పెద్దగా అనిపించదు. షాపులో ఇలా పరీక్షించండి: పట్టీ పెట్టుకోకుండా మాస్కుని ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి చేతులు వదిలేయండి. మాస్కు అలాగే అతుక్కుని ఉంటే మీ ముఖానికి సరిపోయినట్టు. జారిందంటే ఎంత ఖరీదైనదైనా అది మీది కాదు.

కళ్ళద్దాలు ఉన్నవాళ్ళకు మాస్కు లోపల అవి పట్టవు. నీళ్ళలో వస్తువులు మూడోవంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి తక్కువ పవర్ ఉన్నవాళ్ళు అద్దాల్లేకుండానే నెట్టుకురావచ్చు. ఎక్కువ పవర్ అయితే పవర్ గ్లాసులున్న మాస్కు చేయించుకోవాలి.

ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్ మాస్కులు ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను వద్దనే అంటాను. నీళ్ళు లోపలికొస్తే చటుక్కున తీయడం కష్టం, ఊపిరి బలంగా తీసేటప్పుడు లోపల వదిలిన గాలే మళ్ళీ పీల్చే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు బకెట్. పెద్ద టబ్బు ఉంటే ఇంకా మంచిది. నిండా నీళ్ళు పోసి, మాస్కు పెట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, ముఖం ముంచండి. మొదటి పది సెకన్లు ఒళ్ళు ఒప్పుకోదు. ముఖం నీళ్ళలో ఉండగా ఊపిరి పీల్చకూడదని పుట్టినప్పటి నుంచి దానికి తెలుసు. ఆ భయం పోయేదాకా రోజూ ఐదు నిమిషాలు, ఒక వారం చేయండి. నోటితో నెమ్మదిగా, లోతుగా పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలాలి. గబగబా పైపైన పీలిస్తే గొట్టంలో మిగిలిన పాత గాలే మళ్ళీ లోపలికి పోతుంది. ఆయాసం పెరుగుతుంది, దాంతో టెన్షన్, ఆ టెన్షన్‌తో ఇంకా గబగబా. నీళ్ళలో చేతులు కొట్టుకునేవాళ్ళలో చాలామంది పరిస్థితి ఇదే.

ఇంకో రెండు విద్యలు కూడా బకెట్లోనే వచ్చేస్తాయి. గొట్టంలోకి నీళ్ళొస్తే "థూ" అని ఒక్కసారి బలంగా ఊదడం, పై నుంచి నీళ్ళు ఎగిరిపోతాయి. ఊదడానికి ఎప్పుడూ ఛాతీలో కాస్త గాలి మిగుల్చుకోవాలి. మాస్కులోకి నీళ్ళొస్తే తల పైకెత్తి, మాస్కు పై అంచుని నుదుటికి నొక్కిపట్టి, ముక్కుతో గాలి వదలడం. నీళ్ళు కింది అంచు నుంచి కారిపోతాయి.

ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మీసం, కొబ్బరినూనె, మంగళసూత్రం

మాస్కు కారడానికి పెద్ద కారణం మాస్కు కాదు, మన ముఖం. మీసం గుబురుగా ఉంటే సిలికాన్ అంచు చర్మానికి అతుక్కోదు, ముక్కు కిందినుంచి నీళ్ళు వస్తూనే ఉంటాయి. తీసేయక్కర్లేదు. ముక్కుకి ఆనుకుని అర సెంటీమీటరు మేర కత్తిరించుకుంటే చాలు. అదీ ఇష్టం లేకపోతే మీసం మీద పల్చగా వాజిలిన్ రాసుకోండి, కొంతవరకు ఆపుతుంది.

ఆ రోజు పొద్దున తలకి నూనె పెట్టకండి, పట్టీ జారిపోతుంది. ముఖానికి క్రీము, ఫౌండేషన్ కూడా అంతే. పొడుగు జుట్టుంటే కిందుగా జడ వేసుకోండి. నుదుటి మీద వెంట్రుకలు ఒక్కటి కూడా మాస్కు అంచు కింద ఉండకూడదు.

ఉంగరాలు, గొలుసులు గదిలోనే ఉంచేయండి. నీళ్ళలో వేళ్ళు కాస్త సన్నబడతాయి, ఉంగరం ఎప్పుడు జారిందో తెలీదు. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్ళు చొక్కా లోపలికి వేసుకుని పిన్ను పెట్టుకోండి.

బట్టల విషయంలో: ఒంటికి అతుక్కునే ఫుల్ చేతుల టీషర్టు, లెగ్గింగ్స్. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఇదే. వదులు కుర్తాలు, చున్నీలు నీళ్ళలో పైకి తేలి ముఖానికి అడ్డం పడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. బోర్లా తేలుతూ గంటసేపు ఉంటే ఎండ మొత్తం వీపు మీద, మెడ మీద, మోకాళ్ళ వెనక పడుతుంది, చల్లటి నీళ్ళలో మాడుతున్న సంగతే తెలీదు. రాత్రికి పడుకోలేరు. బట్ట కప్పని చోటే సన్‌స్క్రీన్ రాసుకోండి. జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ పగడాలకు హాని చేస్తాయని హవాయి రాష్ట్రం వాటి అమ్మకాన్నే నిషేధించింది.

ఆ రోజు పొద్దున, పడవలో

రెండు ఇడ్లీలు తిని బయల్దేరండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, పూరీ కూరా మంచిది కాదు. నార్త్ బేకి పడవ అరగంటలోపే, కానీ వాంతి అయ్యేవాళ్ళకు అదే చాలు. అవోమిన్ లాంటి మాత్ర వేసుకునే అలవాటుంటే బయల్దేరడానికి కనీసం గంట ముందు వేసుకోవాలి. దాంతో మత్తు వస్తుంది, అందుకే బీపీ, గుండె, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు మాత్ర సంగతీ స్నార్కెలింగ్ సంగతీ రెండూ ముందే డాక్టరుని అడగండి. ముందురోజు రాత్రి మందు పార్టీ ఉంటే నీళ్ళ జోలికి పోకండి. జలుబు చేసి ముక్కు దిబ్బడేసినా అంతే.

పడవలో వెనక, మధ్యలో కుదుపు తక్కువ. ఫోను చూడకండి, దూరంగా ఆకాశం నీళ్ళని కలిసే గీత చూడండి.

లైఫ్ జాకెట్ ఎక్కగానే వేసుకుని బకిల్స్ అన్నీ పెట్టుకోండి. ఫొటో కోసం విప్పకండి. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర సముద్రంలో పర్యాటకుల పడవ మునిగి ఇరవైమందికి పైగా చనిపోయారు. పడవలో పట్టాల్సినవాళ్ళకన్నా ఎక్కువమందిని ఎక్కించారు. 2019లో గోదావరిలో కచ్చులూరు చూసినవాళ్ళం, మనకి ఇంకొకరు చెప్పాలా? పడవలో సీట్లకన్నా మనుషులు ఎక్కువైతే దిగిపోయి తర్వాతది ఎక్కండి. పడవ నడిపే సారంగు విసుక్కుంటాడు, అంతే. మీ పడవ పేరు, నంబరు ఫొటో తీసుకోండి. తిరుగు ప్రయాణంలో జెట్టీలో ఇరవై పడవలు ఒకేలా ఉంటాయి.

దారిలో ఎదురుగా కొండ, కొబ్బరిచెట్లు, లైట్‌హౌస్ కనిపిస్తే పాత ఇరవై రూపాయల నోటు తీసి వెనక్కి తిప్పండి. ఆ బొమ్మ ఇదే. ఆ కొండ అప్పట్లో మౌంట్ హారియట్, 2021 నుంచి మౌంట్ మణిపూర్.

నీళ్ళలో

దిగగానే గైడు మిమ్మల్ని గబగబా లోతుకి తీసుకెళ్ళాలని చూస్తాడు, అతనికి తర్వాతి బ్యాచ్ ఉంది. మీరు మాత్రం నడుము లోతులో ఆగండి. "అన్నా, ఐదు నిమిషాలు ఇక్కడే" అనండి.

ముందు మాస్కు లోపల అద్దానికి ఉమ్మి రాసి, వేలితో రుద్ది, సముద్రపు నీళ్ళతో ఒకసారి తొలవండి. అసహ్యంగా ఉన్నా అద్దం మసక పట్టకుండా ఇదే పనిచేస్తుంది. అద్దె మాస్కుకి ఉమ్మి వద్దనుకుంటే ఒక చుక్క బేబీ షాంపూ. పట్టీ చెవుల మీద కాదు, చెవుల పైనుంచి తల వెనక ఎత్తున ఉండాలి. మరీ బిగించకండి. బిగిస్తే కారడం తగ్గుతుందనుకుంటారు కానీ అంచు ముడతపడి ఇంకా కారుతుంది.

ముఖం ముంచి, కాళ్ళు నేల మీదే ఉంచి, ఇరవై ఊపిర్లు లెక్కపెట్టండి. ఇంటి దగ్గర బకెట్ చేసిన మేలు ఇక్కడ తెలుస్తుంది. ఇరవై ప్రశాంతంగా అయ్యాక మోకాళ్ళు మడిచి, లైఫ్ జాకెట్ మీద భారం వేసి తేలండి. ఉప్పునీళ్ళు మనిషిని కొంత మోస్తాయి, మిగతాది జాకెట్ చూసుకుంటుంది. రెండోసారి నాతో వచ్చిన గైడు శ్రీకాకుళం మనిషి, ఒక్క మాటే పదిసార్లు చెప్పాడు: "ముక్కు ఉందని మర్చిపోండి బాబూ, మీకు నోరొక్కటే ఉందనుకోండి." ఎన్ని వీడియోలు చూసినా రానిది ఆ మాటతో వచ్చింది.

తేలడం వచ్చాక ముందుకి. గైడుతో సైగలు ముందే మాట్లాడుకోండి. బొటనవేలు పైకి చూపిస్తే "బాగుంది" అని మనం అనుకుంటాం, డైవర్ల భాషలో అది "పైకి పోదాం". బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. అరచేతిని అటూ ఇటూ ఊపితే "ఏదో తేడాగా ఉంది". భయం వేసిన క్షణంలో చేయాల్సింది ఒకటే: ఏమీ తన్నకుండా వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి ఆకాశం చూడండి. జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది. ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ బోర్లా తిరగొచ్చు.

చేతులు కట్టుకుని ఉంచండి. ఈత కొడుతున్నట్టు చేతులు తిప్పితే చేపలు పారిపోతాయి, కొట్టుకుని పగడాలు విరుగుతాయి. కాళ్ళు మోకాళ్ళ దగ్గర కాదు, తొడల దగ్గర్నుంచి నెమ్మదిగా కదపండి. అలిసిపోయినా సరే పగడం మీద నిలబడకండి. రాయిలా కనిపించేది ప్రాణి, ఎన్నో ఏళ్ళు పెరిగితే గానీ అరచేయంత కాదు. మీ స్వార్థానికైనా ఆగండి: సముద్రపు ముళ్ళజీవులు, ముళ్ళలో విషముండే రాతిచేప ఉండేది ఆ సందుల్లోనే. పగడం గీసుకుంటే బయటికొచ్చాక మంచినీళ్ళు, సబ్బుతో బాగా కడగాలి, సన్నటి ముక్కలు లోపల ఉండిపోతే పుండు మానదు. ఏదైనా కుట్టి మంట పుడితే ఇసుకతో రుద్దకండి, వెంటనే బయటికొచ్చి గైడుకి చూపించండి.

గైడు హద్దు దాటి వెళ్ళకండి. అండమాన్ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్ దీవిలో ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవుల వాగులు సముద్రంలో కలిసేచోట కాలు కూడా పెట్టొద్దు. స్నార్కెలింగ్‌కి అనుమతించిన చోటే దిగండి.

ఇక చూడటం. కొత్తవాళ్ళు చేసే తప్పు తిరుగుతూనే ఉండటం. ఒకే పగడపు బండ మీద ఐదు నిమిషాలు కదలకుండా తేలండి. మొదట ఏమీ ఉండదు. రెండో నిమిషంలో దాక్కున్న చిన్న నీలి చేపలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. సీ ఎనిమోన్ అనే పువ్వులాంటి ప్రాణి వేళ్ళ మధ్య ఆరెంజ్ మీద తెల్ల పట్టీల చేప ఉందేమో వెతకండి, అది మాస్కు దగ్గరికొచ్చి మిమ్మల్నే బెదిరిస్తుంది. చెవులు కూడా పెట్టండి. కరకరమని మరమరాలు నమిలినట్టు శబ్దం వస్తే దగ్గర్లో చిలుక చేప ఉన్నట్టే. దానికి చిలుక ముక్కులాంటి పళ్ళుంటాయి, పగడపు బండని కొరికి నాచు తిని, మిగిలిన సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తుంది. మీరు ఒడ్డున ఫొటో దిగిన తెల్లటి ఇసుకలో దాని వాటా కూడా ఉంది!

చలి మొదలైనా, దవడ నొప్పి పుట్టినా ఇక చాలు, బయటికి రండి.

రాస్ దీవి

తడి బట్టలతోనే పడవెక్కి రాస్‌కి. 2018 డిసెంబరులో దీని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవిగా మారింది. 1858 నుంచి బ్రిటిష్ వాళ్ళు అండమాన్‌ని ఏలింది ఈ చిన్న దీవి నుంచే. ఎదురుగా సెల్యులార్ జైల్లో ఖైదీలు నలుగుతుంటే, ఇక్కడ బేకరీ, చర్చి, క్లబ్బు, డ్యాన్సులు. 1941లో భూకంపం, 1942లో జపాన్ సైన్యం. దొరల దర్జా ఆ రెండేళ్ళలో ముగిసింది. ఇప్పుడు చర్చి గోడల్ని మర్రి ఊడలు కౌగిలించుకుని నిలబెట్టి ఉన్నాయి, చుట్టూ జింకలు, నెమళ్ళు. జింకలకు చిప్స్ పెట్టకండి.

పెద్దవాళ్ళుంటే బ్యాటరీ బండి ఎక్కించండి, దారి ఎత్తుగా ఉంటుంది. నడవగలిగినవాళ్ళు దీవి అవతలి కొసకి వెళ్ళి మెట్లు దిగితే లైట్‌హౌస్ వైపు గాలి, అలల హోరు. ఎక్కువమంది అక్కడిదాకా రారు. పడవ వేళకి పదిహేను నిమిషాల ముందే జెట్టీలో ఉండండి.

జాలీ బాయ్ వెళ్తే మారేవి

పైన చెప్పిన మాస్కు, ఊపిరి, బట్టలు అన్నీ అవే. మారేవి ఇవి. నవంబరు నుంచి మే మధ్య దాకా జాలీ బాయ్ తెరిచి ఉంటుంది, మిగతా నెలల్లో దాని బదులు రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. పడవ ఉదయమే, కాబట్టి ఊళ్ళో నుంచి ఏడింటికల్లా బయల్దేరాలి. ప్లాస్టిక్ పూర్తిగా నిషేధం. బ్యాగులు వెతుకుతారు, నీళ్ళ సీసాకి డిపాజిట్ కట్టించుకుంటారు. బిస్కెట్ ప్యాకెట్టు కూడా పట్టుబడుతుంది. స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకెళ్ళండి, దీవిలో కొట్లు ఉండవు. డబ్బాతో పాటు మిగిలిన మెతుకు కూడా వెనక్కి తేవాలి.

మడ అడవుల మధ్యనుంచి గంట దాకా పడవ ప్రయాణం. దీవికి జెట్టీ లేదు, పెద్ద పడవ దూరంగా ఆగితే గాజు అడుగున్న చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. జెట్ స్కీల గోల ఉండదు. ముఖం ముంచగానే తేడా తెలిసిపోతుంది. దీవిలో ఉండనిచ్చే సమయం కొంచెమే, అందుకే దిగగానే మొదట స్నార్కెలింగ్, ఫొటోలు, పులిహోర తర్వాత.

తిరిగొచ్చాక

మాస్కు, గొట్టం మంచినీళ్ళలో నానబెట్టి నీడలో ఆరబెట్టండి. చెవుల్లో నీళ్ళుంటే తల వంచి కారనివ్వండి, పుల్లలు పెట్టకండి. స్నార్కెలింగ్ చేసి మర్నాడే విమానం ఎక్కినా ఇబ్బంది లేదు. స్కూబా కూడా చేసినవాళ్ళు మాత్రం విమానానికి కనీసం 18 గంటల ముందే నీళ్ళలోంచి బయటికొచ్చి ఉండాలి.

పిల్లల జేబులు వెతకండి. ఒడ్డున ఏరిన చచ్చిన పగడపు ముక్కైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తీసుకెళ్ళడం నేరం, విమానాశ్రయంలో ఎక్స్‌రేలో దొరికిపోతుంది. క్రిందటిసారి మా వెనక లైన్లో ఉన్న ఒకాయన తన బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టిన ముక్కలు చిన్న కుప్ప అయ్యాయి. పక్కనే వాళ్ళ పాప "నాన్నా, నేను పెట్టలేదు, నువ్వే పెట్టావు" అంటోంది.